బందరు నుంచి మూడు అక్షరాలు

గురువుగారికి ఇచ్చుకోదగినది ఏదీ నరహరికి ఇన్నేళ్లూ దొరకలేదు. శాలువా కప్పితే ఆయన దానిని మడిచి, చలికి వణుకుతూ కనిపించే మొదటి మనిషి కోసం పక్కన పెట్టేవారు. పళ్లబుట్ట తీసుకువెళితే వీధిలో ఆడుకునే పిల్లలను పిలిచి, బుట్ట ఖాళీ అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడేవారు. "నాకేం తక్కువ నాయనా" అనే మాట ఆయన మర్యాదకు అనేది కాదు. అందుకే దానికి ఎదురు చెప్పడం నరహరికి చేతనయ్యేది కాదు.

ఆయన పేరు షేక్ అబ్దుల్ వహాబ్. వయసులో ఉండగా సరుకు ఓడల మీద రేడియో ఆఫీసరుగా సముద్రాలు తిరిగారు. ఓడలకు ఆ ఉద్యోగం అక్కరలేని రోజులు వచ్చినప్పుడు బందరు చేరి, పెరడున్న ఒక అద్దె ఇల్లు చూసుకుని, అడిగినవారికల్లా హామ్ రేడియో, అంటే సరదాకు సొంత రేడియోతో దూరాలవాళ్లను పలకరించే విద్య, నేర్పుతూ అక్కడే ఉండిపోయారు.

అలా అడిగినవారిలో నరహరి ఒకడు. అప్పటికి అతడు హైస్కూలు విద్యార్థి. మాట్లాడబోతే మొదటి అక్షరం దగ్గరే నాలుక తట్టుకునే నత్తి. మాస్టారు అతని చేత ఒక్క మాటైనా పలికించే ప్రయత్నం చేయలేదు. మోర్సు మీటను అతని ముందుకు జరిపి, "దీనితో చెప్పు. తొందర లేదు" అన్నారు. చుక్కలతోను గీతలతోను ఊరూ పేరూ చెప్పుకున్న రోజున, కొలంబోలో ఎవరో పెద్దమనిషి ఓపికగా విని బదులు పలికాడు. ఆనాటి నుంచి నరహరి నాలుక కూడా మెల్లగా దారికి వచ్చింది.

ఇప్పుడు అతడు కర్నూలులో పేరున్న దంతవైద్యుడు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవారితో రోజంతా ధారాళంగా మాట్లాడతాడు. వాళ్లు బదులు చెప్పలేరు గనుక ఆ ధారకు అడ్డు కూడా ఉండదని అతని భార్య ఇందుమతి అంటుంది.

మాస్టారికి కొన్ని శీతాకాలాలుగా ఒక్కటే వ్యాపకం: లాంగ్ వేవ్. ఆ అల పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది. దానికి సరితూగే ఏరియల్ కట్టాలంటే ఆకాశంలో అంతకు తగిన చోటు కావాలి. మాస్టారికి ఉన్నది రెండు కొబ్బరిచెట్ల నడుమ ఇరుకు పెరడు. ఒక చెట్టు మొవ్వు నుంచి రెండో చెట్టు మొవ్వు దాకా నవారు పట్టీల్లాగా నాలుగు తీగలు పక్కపక్కన లాగి, వాటి మధ్య నుంచి ఒక తీగను కిందికి దింపారు. ఏరియల్‌కు తక్కువైన పొడవునంతా నీలం రంగు నీళ్ల డ్రమ్ము మీద కాయిల్‌గా చుట్టారు.

ఇంత చేసినా, ట్రాన్స్‌మిటర్ మింగే కరెంటులో గాలిలోకి వెళ్లేది అగరువత్తి కొసన ఉండే నిప్పంత. అంత బలహీనమైన సంకేతం చెవికి అందదు. కనుక ఒక్కొక్క చుక్కనూ గీతనూ నిమిషాలపాటు సాగదీసి పంపాలి. అవతలివాళ్లు కంప్యూటరు తెర మీద అది సన్నని వెలుగుగా పాకడం చూసి చదువుకోవాలి. ఒక అక్షరం పూర్తయ్యేసరికి పొయ్యి మీది కుక్కరు కూతలన్నీ ముగించి దిగుతుంది.

ఏటా వానలు వెనకపట్టి, ఉరుముల చిటపటలు తగ్గాక, తెల్లవారుజాము నమాజు ముగించుకుని మాస్టారు తన కాల్ సైన్‌ను, అంటే రేడియోలో తన గుర్తింపు అక్షరాలను, పంపేవారు. వీధి పిల్లలు బడికి బయలుదేరేదాకా పంపుతూనే ఉండేవారు. అందిందని చెప్పినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

ఈ శీతాకాలమే చివరిది. ఇంటి యజమాని ఆ స్థలాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్లు చెట్లు కొట్టించి అపార్టుమెంటు కడతారు. మాస్టారూ ఆయన భార్యా ఊళ్లోనే ఒక చిన్న ఫ్లాటులోకి మారాలి. ఆ కబురు విన్న రోజున, తాను ఇవ్వవలసినది ఏమిటో నరహరికి తెలిసివచ్చింది. చెట్లు నేల పడకముందే మాస్టారి సంకేతాన్ని తాను అందుకోవాలి. అందిందని ఆయనతో చెప్పాలి. అంతకు మించిన కానుక ఆయనకు ఈ లోకంలో లేదు.

ముందుగా చెబితే ఆశపెట్టినట్టవుతుందని, ఈ ప్రయత్నం గురించి అతడు మాస్టారికి తెలియనివ్వలేదు.

కర్నూలులో వాళ్లది మూడో అంతస్తు ఫ్లాటు. డాబా మీద తీగ కట్టడానికి అపార్టుమెంటు కమిటీ ఒప్పుకోలేదు. అందుకని తలుపంత చెక్క చట్రం ఒకటి చేయించి, దాని చుట్టూ రాగితీగ చుట్టి, బాల్కనీలో నిలబెట్టాడు. అలాంటి చట్రానికి ఒక గుణం ఉంది. అంచు చూపిన దిక్కున బాగా వింటుంది. ముఖం చూపిన దిక్కుకు చెవిటిదవుతుంది. నరహరి మ్యాపు దగ్గర పెట్టుకుని, దాని అంచును సరిగ్గా బందరు వైపు నిలిపాడు.

"వడియాలు ఎండబెట్టుకునే చోటు ఇది ఒక్కటే ఉంది మనకు" అంది ఇందుమతి.

"ఈ ఒక్క చలికాలం."

"మీ మాస్టారు మాట్లాడితే నాకూ వినిపిస్తారా మరి?"

"వినపడదు. చూడాలి."

మర్నాటి నుంచి ఆమె తడి తువ్వాళ్లు ఆ చట్రం మీదే ఆరేయడం మొదలుపెట్టింది.

కార్తీకమాసమంతా నరహరి ఉదయాన్నే తెర ముందు కూర్చున్నాడు. నిలువు చారలు, అడ్డ చారలు, ఇసుక చల్లినట్టు చుక్కలు. వాటిలో మాస్టారు లేరు. నెల సగమయ్యేసరికి అతనికి ఒక ఉపాయం తట్టింది. ఒక్కొక్క ఉదయపు బొమ్మను దాచి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చితే, ఏ ఒక్కదానిలోనూ కనిపించనిది అన్నిటిలో కలిసి కనిపించవచ్చు. పద్ధతిలో తప్పు లేదు. అయితే పేర్చే వేళ, ఎక్కడ ఒక గీత ఉండవలసి ఉందో అక్కడ ఏ కాస్త వెలుగున్నా ఆ బొమ్మను అతడు ఉంచుకున్నాడు. లేని బొమ్మను ఉరుములు చెడగొట్టాయనుకుని తీసేశాడు. మాస్టారి కాల్ సైన్ అతనికి సొంత పేరు కంటే బాగా తెలుసు. ఏ గీత తరువాత ఏ చుక్క రావాలో చేతివేళ్లకు కూడా తెలుసు.

ఒక ఆదివారం నాటికి పొగమంచులోంచి మనిషి నడిచివచ్చినట్టు తెర మీద ఆ కాల్ సైన్ తేలింది.

అతనికి కళ్లు చెమర్చాయి. ఇందుమతిని పిలిచి చూపించాడు.

"ఏదండీ? నాకేమీ కనిపించడం లేదు."

"చూడటం అలవాటు కావాలి."

"మీ పేషెంట్లకు ఎక్స్ రే చూపించి ఇలాగే అంటారా? పిప్పి పన్ను ఉంది, నీకే చూడటం రాదు అని?"

నరహరి నవ్వాడు. ఆ బొమ్మను పెద్దదిగా అచ్చు వేయించి, అద్దం బిగించి, గుడ్డలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని బందరు బస్సు ఎక్కాడు.

వహాబ్ మాస్టారు దానిని రెండు చేతులా అందుకున్నారు. కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నారు. కిటికీ దగ్గరకు తీసుకుపోయి, వెలుతురుకు వాల్చి, చాలాసేపు చూశారు. అంచు మీద దుమ్ము లేకపోయినా భుజం మీది తువ్వాలుతో ఒకసారి తుడిచారు.

"ఎంత శ్రమపడ్డావు నాయనా" అన్నారు.

ఇంకేమైనా అంటారేమోనని నరహరి ఎదురుచూశాడు. ఆయన ఆ పటాన్ని రేడియో బల్ల మీద గోడకు ఆనించి నిలబెట్టి, "రా, అన్నం తిందాం. లోపల అమ్మగారు నీకోసం చేపల పులుసు పెట్టింది" అన్నారు.

భోజనాలయ్యాక మాస్టారు చేతులు తుడుచుకుంటూ అడిగారు. "పెరట్లో చిన్న పని ఉంది. ఒక చెయ్యి వేస్తావా?"

పెరట్లో కొబ్బరిచెట్ల నీడన మంచం వాల్చి ఉంది. మంచం మీద నీలం డ్రమ్ము అడ్డంగా పడుకుని ఉంది. దాని ఒంటి మీద ఒక్క చుట్టు తీగ కూడా లేదు. నడుమున ఒకచోట ప్లాస్టిక్కు కాలి, నల్లగా కరిగి, గుంటపడి గట్టిపడింది. విప్పిన తీగ పక్కనే చాప మీద గుండ్రంగా చుట్టి ఉంది. కాలిన చోటు మీద మాస్టారు అతికించిన కొత్త ముక్క ఇంకా తెల్లగా ఉంది.

నరహరి దానిని చూశాడు. కానీ చూసినది వెంటనే మనసుకు ఎక్కలేదు.

"నువ్వు తీగ బిగించి పట్టుకో. నేను డ్రమ్ము తిప్పుతాను. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఈ నూలుతాడు ఉండాలి. ఒకదానికొకటి తగలకూడదు."

పని మొదలైంది. మాస్టారి భార్య జైతూన్ బీగారు అరుగు మీద చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది.

"చూశావా డాక్టరు బాబూ, ఈ పెరట్లో కరివేపాకు మొక్క కూడా బతకదు. పెట్టిన ప్రతిసారీ చచ్చింది. అంతా ఉప్పు నేల. ఈయనకేమో పోతున్నందుకు బెంగ."

"ఉప్పు ఉండబట్టే కదా" అన్నారు మాస్టారు, డ్రమ్ము తిప్పుతూనే. "కరెంటు దిగడానికి ఇంత మంచి ఎర్త్ ఎక్కడ దొరుకుతుంది? ఈ నేలకు నేను రుణపడి ఉన్నాను."

"ఆ ఉప్పే కదా డ్రమ్మును కాల్చింది? మంచుకు తడిసి నిప్పురవ్వలు లేచి?"

"అదీ నిజమే" అని మాస్టారు ఒప్పుకున్నారు.

నరహరి తీగ జారవిడుస్తూ మామూలుగా అడిగాడు. "ఎప్పుడు కాలిందమ్మా?"

"దీపావళి ముందే బాబూ. అప్పటి నుంచీ ఆ డ్రమ్ము మంచం మీద, ఈయన నేల మీద."

నరహరి చేతులు ఆగిపోయాయి.

అతని బొమ్మలన్నీ దీపావళి వెళ్లాకనే మొదలయ్యాయి. తాను తెర ముందు కూర్చున్న ఒక్కొక్క ఉదయమూ ఈ డ్రమ్ము ఇలా బోసిగా ఈ మంచం మీదే పడి ఉంది. బందరు నుంచి ఏదీ బయలుదేరలేదు. కర్నూలులో మాత్రం అందింది. అద్దం బిగించి మరీ అందింది.

తల ఎత్తడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"తీగ వదులవుతోంది" అన్నారు మాస్టారు. "బిగించి పట్టుకో."

పట్టుకున్నాడు. చుట్టు పక్కన చుట్టు, మధ్య నూలుతాడు. డ్రమ్ము నిండేసరికి చెట్ల నీడలు గోడ ఎక్కాయి.

బయలుదేరే ముందు నరహరి రేడియో బల్ల దగ్గరకు వెళ్లి, పటం మీద చెయ్యి వేశాడు.

"దీనిని నే... నేను తీసుకుపోతాను మాస్టారూ."

"ఎందుకు?"

"ఇందులో ఉన్నది మీరు కాదు."

"తెలుసు. ఇందులో ఉన్నది నువ్వు. ఉండనీ."

నరహరి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. మాస్టారు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు తొడుక్కుంటున్న అతనితో, ఊరికే గుర్తుకు వచ్చినట్టు చెప్పారు.

"ఇకమీదట కాల్ సైన్ పంపను. అది నీకు తెలిసినదే. మూడు అక్షరాలు పంపుతాను. అవేమిటో చెప్పను. వాటికి అర్థం కూడా ఏమీ ఉండదు, ఊహించడానికి వీల్లేకుండా. చూసి నాకు ఫోను చెయ్యి."

మార్గశిరం మొదలైంది. మొదటి ఉదయం నరహరి తెర ముందు కూర్చున్నాడు. ఇప్పుడు బందరులో ట్రాన్స్‌మిటర్ పనిచేస్తున్నదని అతనికి తెలుసు. మూడు అక్షరాలు ఈ గాలిలో ఎక్కడో ఉన్నాయని తెలుసు. ఆ ఎరుకే అతనిని వేధించింది. ఒకచోట చార కాస్త చిక్కబడితే అది గీతేమో అనిపించింది. పక్కన మెరిసింది చుక్కేమో అనిపించింది. గీత, చుక్క. తరువాత ఇంకో గీతను అనుకుంటే ఒక అక్షరం వస్తుంది. అనుకోకపోతే ఇంకొకటి వస్తుంది. కావాలనుకుంటే అక్కడ అన్ని అక్షరాలూ ఉన్నాయి.

చెట్లు కొట్టేవాళ్లు ఎప్పుడైనా రావచ్చు. ఒక్క అక్షరం చెప్పినా ఆయనకు ఎంత తృప్తిగా ఉంటుంది? పొరపాటు పడితే మాత్రం ఏమవుతుంది? ఆయన ఏమీ అనరు. ఆ రోజు అనలేదు కదా.

ఆ ఆలోచన దగ్గర అతడు లేచి, బాల్కనీలో కాసేపు నిలబడి, తిరిగి వచ్చి ఫోను తీశాడు. ఎన్నో ఏళ్లుగా దారిలో ఉన్న నాలుక ఆ ఉదయం మళ్లీ మొరాయించింది.

"రా... రాలేదు మాస్టారూ."

అవతల ఎక్కడో కోడి కూసింది.

"ఏమీ రాలేదా?"

"ఏమీ రాలేదు. వచ్చిందేమో అనిపించింది. రాలేదు."

"చాలా సంతోషం నాయనా" అన్నారు మాస్టారు. ఆ గొంతులో వెటకారం లేదు. "ఇన్ని చలికాలాల్లో నాకు అందిన మొదటి రిపోర్టు ఇది."

నరహరి ఫోను పట్టుకుని తిరిగి తెర ముందు కూర్చున్నాడు.

"ఇక పని మొదలుపెట్టుకోవచ్చు" అన్నారు ఆయన. "నేను రాలేదు, సరే. మరి ఏం వచ్చింది?"

"చారలు. ఆగి ఆగి వస్తాయి. మా లిఫ్టు నడిచినప్పుడల్లా తెరంతా నిండిపోతుంది."

"లిఫ్టు నీకు ఏ దిక్కున ఉంది?"

నరహరి చెప్పాడు.

"చట్రం ముఖం దాని వైపు తిప్పు. అది వినపడకుండా పోయేదాకా కొంచెం కొంచెంగా తిప్పు."

"అలా తిప్పితే అంచు మీ వైపు నుంచి తప్పిపోతుంది మాస్టారూ."

"నేను కాస్త పక్కకు ఉన్నా ఫరవాలేదు. అది నీ చెవిలో ఉండకూడదు."

తిప్పబోతే తెలిసింది, బాల్కనీ వెడల్పు చాలదు. చట్రం ఒక మూల గుమ్మం దాటి హాలులోకి వచ్చింది. తలుపు ఇక మూయడానికి లేదు. ఇందుమతి నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇప్పుడు ఇది ఇంట్లోకి కూడా వచ్చిందన్నమాట."

"నాలుగు రోజులు. చలి వేస్తుంది, నాకు తెలుసు."

"చలికి దుప్పటి ఉంది. దోమలకే ఏమీ లేదు." ఆమె చట్రం రెండో మూల పట్టుకుంది. "ఎటు తిప్పాలి? చెప్పండి, తెర మీరు చూడండి."

ఆమె వేలెడు వేలెడుగా జరిపింది. ఒకచోట, లిఫ్టు పైకి వెళుతున్న చప్పుడు మెట్ల వైపు నుంచి వినపడుతూనే ఉండగా, తెర మీద చారలు సన్నబడి, మాసిపోయి, లేకుండా పోయాయి. ఆ నల్లని నిర్మలమైన తెరను నరహరి ఎన్నడూ చూడలేదు. చట్రం కింద చీపురుపుల్ల ముక్క దోపి, కదలకుండా ఆపారు. ఇందుమతి ఎవరూ చెప్పకుండానే హాలులోని ఫోను చార్జర్లన్నీ పీకేసింది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా ఫోనులో అదే మాట. "రాలేదు మాస్టారూ." చెప్పేటప్పుడు ఇప్పుడు నాలుక తడబడటం లేదు. ఆయన ప్రతిసారీ కృతజ్ఞత చెప్పి, ఏది మిగిలిందో అడిగి, తన వైపు ఏది సరిచేశారో చెప్పేవారు. ఒకరోజు ఎర్త్ తీగ బిగించిన చోట తుప్పు గోకారు. ఒకరోజు కొబ్బరిమట్ట ఒకటి వంగి తీగను తాకుతున్నదని కనిపెట్టారు. రాలేదన్న మాట పట్టుకుని ఇద్దరూ రెండు ఊళ్ల నుంచి ఒకరి వైపు ఒకరు నడుస్తున్నట్టు నరహరికి తోచింది.

బుధవారం సాయంత్రం మాస్టారే ఫోను చేశారు. "రేపు చెట్లు కొట్టడానికి వస్తారట. పొద్దెక్కాక వస్తామన్నారు. తెల్లారగానే పంపుతాను. రేపటితో సరి."

గురువారం ఉదయం నరహరి తెర ముందు కూర్చుంటే ఇందుమతి కూడా శాలువా కప్పుకుని వచ్చి పక్కన కూర్చుంది. తెరిచిన తలుపులోంచి చలిగాలి వస్తున్నది. కింద పాలవాడి సైకిలు గంట మోగింది.

నల్లని తెర మీద, ఉండవలసిన చోట, ఒక వెలుగు మొదలైంది.

నరహరి అది ఆగిపోతుందనుకున్నాడు. ఆగలేదు. దారం లాగినట్టు సాగి, సాగి, తెగింది. గీత. కొంత చీకటి. మళ్లీ అలాగే మొదలై, అలాగే సాగి తెగింది. రెండో గీత. కొంత చీకటి. తరువాత చిన్నది, చుక్క. అక్షరం పూర్తయింది.

ఊహించవలసిన పని లేదు. పేర్చవలసిన పని లేదు. అది అక్కడ ఉంది.

"ఇది నాకు కూడా కనిపిస్తోంది" అంది ఇందుమతి మెల్లగా.

రెండో అక్షరం కోసం ఇద్దరూ చూశారు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఉండవలసిన చీకటి గడిచింది. ఇంకా గడిచింది. తెర మీద ఇసుక రాలుతున్నట్టు సన్నని చుక్కలు తప్ప మరేమీ లేవు. ఇందుమతి ముందుకు వంగింది.

"అదిగో, ఆ పక్కన. ఏదో గీతలా ఉంది కదండీ? సన్నగా?"

నరహరి చాలాసేపు చూశాడు.

"ఉన్నట్టుంది. ఉందని మాత్రం చెప్పలేను."

ఎండ హాలులోకి వచ్చేదాకా కూర్చున్నారు. ఇంకేమీ రాలేదు. ఫోను చేస్తే మాస్టారు ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. చాలాసేపటికి, క్లినిక్కుకు బయలుదేరబోతూ ఉండగా ఆయన పలికారు. వెనక రంపం కోత చప్పుడు, మనుషుల కేకలు వినిపిస్తున్నాయి.

"చెప్పు నాయనా."

"ఒక అక్షరం వచ్చింది మాస్టారూ. ఒక్కటే. ఆ తరువాత ఏమీ లేదు."

రంపం ఆగింది. మళ్లీ మొదలైంది.

"ఏ అక్షరం?"

"రెండు గీతలు, ఒక చుక్క. జి. మిగతా రెండూ నాకు కనిపించలేదు. ఎంతసేపు చూసినా కనిపించలేదు."

"మళ్లీ చెప్పు."

"రెండు గీతలు, ఒక చుక్క. తరువాత ఏమీ లేదు."

మాస్టారు ఫోను పక్కకు తిప్పి ఎవరితోనో అనడం నరహరికి వినపడింది. "జైతూన్, కర్నూలు దాకా వెళ్లిందట." జైతూన్ బీగారు ఏదో అడిగింది. "నిజంగానే" అన్నారు ఆయన.

ఆయన తిరిగి ఫోనులోకి వచ్చారు.

"నేను పంపింది అంతే నాయనా. వాళ్లు తెల్లారేసరికే వచ్చేశారు. తీగలో కరెంటు ఉంది, ముట్టుకోవద్దు, కాస్త ఆగండి అన్నాను. మంచివాళ్లు. ఎందుకని కూడా అడగలేదు. ఒక అక్షరం పూర్తయ్యేదాకా గొడ్డళ్లు కింద పెట్టి, బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. అంతకు మించి ఆగమంటే బాగుండదని నేనే ఆపేశాను. తీగ నేనే విప్పి దించాను."

నరహరి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తలుపు దగ్గర చట్రం మూల పట్టుకుని నిలబడిన ఇందుమతి అతని ముఖం వైపు చూసింది.

"మిగతా రెండు అక్షరాలు ఏమిటి మాస్టారూ?" అన్నాడు చివరికి.

"అవి నా దగ్గరే ఉన్నాయి" అన్నారు వహాబ్ మాస్టారు. "కొత్త ఇంటి బాల్కనీ ఎంత వెడల్పో ఇంకా చూసుకోలేదు."